ఫోను మనిషిది, నెట్టు ఇంటిది

గత సంక్రాంతికి పుంగనూరు దగ్గరున్న మా పల్లెలో నాలుగు రోజులుండి బెంగుళూరుకు తిరిగి వచ్చాను. మరునాటి ఉదయమే అమ్మ ఫోను చేసింది. క్షేమసమాచారాలేమీ లేవు, సరాసరి అభియోగమే. "నువ్వు పోతానే నెట్టు గూడా పాయె గదరా!"

అమ్మ మాటలో అతిశయోక్తి లేదు. ఆ నాలుగు రోజులూ మా మేనకోడలు నా ఫోను నుండి వైఫై తీసుకుని తన ల్యాప్‌టాప్‌లో కళాశాల పని చేసుకున్నది. నేను బస్సెక్కగానే ఆ నెట్టు నా జేబులో కూర్చుని నాతోపాటే కోలారు మీదుగా బెంగుళూరు చేరింది. ఇంట్లో వేరే ఫోన్లు లేవా అంటారా? ఉన్నాయి. బావ ఫోను తెల్లవారకముందే టమాటా తోటకో, మదనపల్లె మార్కెట్టుకో బావతోపాటు వెళ్ళిపోతుంది. అమ్మది మీటల ఫోను. ప్రభుత్వం లెక్కలోనూ, కంపెనీల లెక్కలోనూ మా ఇంటికి అంతర్జాలం ఎప్పుడో వచ్చేసింది. అమ్మ లెక్కలో మాత్రం అది చుట్టం. వస్తుంది, పోతుంది.

నెల తిరిగాక మళ్ళీ ఊరికి వెళ్ళినప్పుడు దీనికొక మందు వేశాను. మందు మామూలుదే, దాని మీద జరిగిన వాదమే ఈ వ్యాసానికి కారణం. కనుక ముందుగా ఆ మందేమిటో చెబుతాను.

నా దగ్గర తెర పగిలిన పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటుంది. యూఎస్‌బీ రంధ్రం ఉన్న రౌటరు ఒకటి అటక మీద పడి ఉంది. ఆ రౌటరులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఎక్కించాను. ఇది 2004లో మొదలైన పథకం. లింక్‌సిస్ కంపెనీ తన రౌటరులో లినక్సు వాడుకుని, ఆ లైసెన్సు షరతు ప్రకారం మూలసంకేతాన్ని బయటపెట్టవలసి వచ్చినందువల్ల పుట్టినది. దానికి ఆర్‌ఎన్‌డిఐఎస్ అనే చిన్న ప్యాకేజీ జోడిస్తే, తీగతో తగిలించిన ఫోనును రౌటరు ఒక నెట్‌వర్కు కార్డుగా గుర్తిస్తుంది. ఫోనులో కొత్త సిమ్ము వేసి 'యూఎస్‌బీ టెథరింగ్' అనే మీటను నొక్కాలి. ఆపైన ఫోను నెట్టు తెస్తుంది, రౌటరు ఇల్లంతా పంచుతుంది. ఆండ్రాయిడులో ఈ సదుపాయం 2010లో వచ్చిన 2.2 నుండీ ఉన్నదే. నేను కనిపెట్టినదేమీ లేదు.

ఫోనులోనే వైఫై హాట్‌స్పాట్ ఉండగా తీగ ఎందుకు అన్నది న్యాయమైన ప్రశ్న. మా ఇల్లు గుట్ట చాటున ఉంది. కింద గదుల్లో సిగ్నలు ఒక గీత, మిద్దె మీద తూర్పు కిటికీ దగ్గర మూడు గీతలు. ఫోను ఆ కిటికీ దగ్గరే ఉండాలి, నెట్టు మాత్రం కింద వంటింటి దాకా రావాలి. ఫోను విసిరే వైఫై అంత దూరం రాదు, రౌటరు కొమ్ములకు ఆ సత్తువ ఉంది. పైగా హాట్‌స్పాట్ పనిలో ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ కరుగుతుంది. తీగ వేస్తే నెట్టు ఇటు వస్తూండగానే కరెంటు అటు పోతూ ఉంటుంది.

చేయబోయే వారికి నా దెబ్బలు కొన్ని చెప్పి ముందుకు వెళతాను. ఊరిలో కొన్న మొదటి తీగతో గంటన్నర కుస్తీ పట్టాను, రౌటరుకు ఫోను కనబడనే లేదు. కోసి చూస్తే లోపల ఎరుపు, నలుపు రెండే పోగులున్నాయి. అది కేవలం ఛార్జింగు తీగ. సమాచారం నడిచే ఆకుపచ్చ, తెలుపు పోగులు అందులో లేవు. రెండవ దెబ్బ కరెంటు పోవడం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టెథరింగ్ మీటను మళ్ళీ నొక్కాలి. మిద్దె ఎక్కి నొక్కమని అమ్మకు చెప్పలేను. ఫోనులో డెవలపర్ ఐచ్ఛికాలు తెరిచి, అప్రమేయ యూఎస్‌బీ అమరికను టెథరింగ్‌గా మార్చి, తెర తాళం తీసివేస్తే ఆ బాధ తప్పింది. మూడవది ప్రమాదకరమైనది. రాత్రింబగళ్ళు ఛార్జింగులో ఉండే బ్యాటరీ ఉబ్బవచ్చు. ఎండ తగలని చోట, పైన తొడుగు లేకుండా ఉంచండి, వీలుంటే ఛార్జింగు ఎనభై శాతం దగ్గర ఆగేలా పెట్టండి, నెలకోసారి వీపు తడిమి చూడండి. వీపు లేచిందంటే ఆ ఫోనుకు ఉద్యోగ విరమణే.

ఇక అసలు వాదం.

ఈ ముచ్చట ఒక మిత్రుడికి చెప్పాను. టెలిఫోను రంగంలో చాలా కాలం పనిచేసినవాడు, మంచి చదువరి. "నువ్వు చేసింది దొంగతనం కాకపోవచ్చు, కానీ దానికి దాయాది" అన్నాడు. "నువ్వు కొన్నది ఒక మనిషికి, ఒక ఫోనుకు ఉద్దేశించిన పథకం. దాన్ని ఇంటిల్లిపాదికీ పెట్టావు. భోజనశాలలో ఒక చీటీ కొని నలుగురు కూర్చున్నట్టు." సరిగ్గా వారం తరువాత, సిమ్ము ఇచ్చిన కంపెనీ సహాయ కేంద్రాన్ని వేరే పని మీద పిలిస్తే అక్కడి అమ్మాయి కూడా మర్యాదగా ఇదే అన్నది. రౌటరుకు తగిలించడం తమ నిబంధనలకు సమ్మతం కాదట. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నా తగవు ఒక కంపెనీతో కాదు, ఒక ఆలోచనతో.

ఆ ఆలోచన ఇది: నెట్టు అనేది నీరు కాదు, భోజనం. వడ్డించినవాడి కళ్ళ ముందు, వడ్డించిన విస్తరిలోనే, ఒక్కడే తినాలి. నేను కాదంటాను. మా పథకంలో రోజుకు 2 జీబీ అని కొలత ఉంది. కొలిచి అమ్మినది ఏదైనా కొన్నవాడి సొత్తు. మా తాతల నాటి ఉమ్మడి బావిలో మూడిళ్ళకు వంతులున్నాయి. వంతు రోజున ఎంత సేపు తోడుకోవాలో కట్టుబాటు ఉంది. తోడిన నీటిని వరిమడికి పారించావా, వేరుశనగకు పారించావా, పక్కింటి పశువులకు రెండు కడవలు పోశావా అని అడిగే కట్టుబాటు ఏ తరంలోనూ లేదు. చెరువు తూము దగ్గర కూర్చునే నీరుగంటి సైతం కాలువలోకి ఎంత వదిలాడో చూస్తాడే గాని, ఎవరింట ఏ కుండలో పోసుకున్నారో వెతుక్కుంటూ రాడు.

ఈ వెతుకులాట నెట్టులో నిజంగానే సాధ్యం. బయలుదేరే ప్రతి సమాచారపు పొట్లం మీద ఒక అంకె ఉంటుంది. దారిలో ఒక్కొక్క రౌటరు దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది. పొట్లాలు దారి తప్పి అనంతంగా తిరుగుతూ ఉండకుండా చేసిన ఏర్పాటు అది. ఫోను తనంత తానుగా పంపేవి సాధారణంగా 64తో బయలుదేరుతాయి. లినక్సు ఉన్న ల్యాప్‌టాప్ నుండి 64తో వచ్చినది మా రౌటరు గడప దాటితే 63, ఫోను గడప దాటితే 62. టవరు దగ్గర ఆ 62ను చూసి "ఇది రెండు గడపల అవతలి నుండి వచ్చింది" అని పట్టుకోవచ్చు. ఆ అంకెను మార్చి కంటికి మసి పూసే చిట్కాలు కూడా ఉన్నాయి. నేను వాటి జోలికి పోలేదు. పోవద్దనే అందరికీ చెబుతాను. దాచుకుని చేస్తే హక్కు కూడా దొంగతనంలా కనబడుతుంది. నేను అడుగుతున్నది బహిరంగంగా.

అడిగిన మొదటివాణ్ణి నేను కాను. అమెరికాలో టెక్సస్‌కు చెందిన టామ్ కార్టర్ అనే ఆయన టెలిఫోనును రేడియోతో కలిపే పెట్టె ఒకటి తయారుచేశాడు. తన తీగలకు తన పరికరాలు తప్ప మరొకటి తగిలించరాదని ఏటీ అండ్ టీ అడ్డుపడింది. 1968లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కార్టర్ పక్షాన తీర్పు చెప్పింది. నెట్‌వర్కుకు హాని చేయని పరికరాన్ని వాడుకరి తగిలించుకోవచ్చునన్నది ఆ తీర్పు సారం. తరువాతి కాలంలో ఇంటింటా మోడెములు రావడానికి ఆ తీర్పు దారి వేసింది. అదే సంస్థ 2012లో, నెట్టు పంచే యాప్‌లను అడ్డుకున్నారన్న విచారణలో వెరైజన్ వైర్‌లెస్ నుండి 12 లక్షల 50 వేల డాలర్లు కట్టించుకుని రాజీ కుదుర్చుకుంది. మన దేశంలో 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక నియమం చేసింది. చూసే విషయాన్నిబట్టి నెట్టుకు వేరువేరు ధరలు పెట్టరాదన్నది. ఏమి చదువుతున్నావని అడగకూడదన్న న్యాయమే, దేని మీద చదువుతున్నావని అడగకూడదనడానికీ సరిపోతుంది.

మిత్రుడి రెండవ వాదం మొదటిదానికన్నా బలమైనది, దాన్ని దాటవేయను. గాలిలోని తరంగాలకు హద్దుంది. ఒక టవరు కింద ఉన్నవారందరూ దానినే పంచుకోవాలి. ఒక్కొక్క ఫోను వెనుక ఒక్కొక్క ఇల్లు కూర్చుంటే టవరు ఎలా మోస్తుంది? నిజమే. పరిమితి లేదని అమ్మిన పథకం వెనుక రాత్రింబగళ్ళు సినిమాలు దింపుకునే వసతిగృహం ఉంటే, పక్కవాడికి అన్యాయం జరుగుతుంది. ఒప్పుకుంటాను. అయితే దానికి మందు కొలత. ఇంత దాటితే వేగం తగ్గుతుందని చెప్పి అమ్మండి, ఎవరూ కాదనరు. 'అపరిమితం' అని గోడల నిండా వ్రాసి, ఫోను తెర మీద చూసినంతసేపే అపరిమితమని చిన్న అక్షరాలలో గొణగడమే నాకు అభ్యంతరం.

అసలు టవరు మీద బరువెక్కడిది? ఈ వ్యాసం మొత్తం యూనికోడులో 50 కేబీలకు మించదు. మా రోజువారీ 2 జీబీలో ఇటువంటి వ్యాసాలు 40 వేలు పడతాయి. ఫోను తెర మీద వీడియోల మీద వీడియోలు చూసే ఒక్కడు సాయంకాలంలో లాగే దానిలో, మా మేనకోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసే పని వెయ్యోవంతు కూడా ఉండదు. కానీ నియమం వీడియో చూసేవాణ్ణి సజ్జనుడంటుంది, వ్రాసుకునే పిల్లను నేరస్థురాలంటుంది.

మూడవ అభ్యంతరం భద్రత. 2008లో అహ్మదాబాదు పేలుళ్ళకు ముందు బెదిరింపు లేఖ నవీ ముంబైలో తాళం వేయని వైఫై మీదుగా వెళ్ళింది. కనుక పంచుకోవడమే తప్పంటారు కొందరు. ఆ ఉదంతం నేర్పేది తాళం వేయమని. ఇల్లు కట్టుకోవద్దని కాదు. మా రౌటరుకు సంకేతపదం ఉంది, అది అమ్మకు కంఠస్థం. చుట్టాలకు కూడా అడగందే చెప్పదు.

ఇప్పుడు మా ప్రాంతం సంగతి. 2002లో కుప్పంలో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ళ పథకం మొదలుపెట్టాయి. పల్లెలలో సమాచార కేంద్రాలు తెరిచారు. నెట్టు కావలసినవారు అక్కడికి నడిచి వెళ్ళేవారు. అక్కడ నెట్టుకు కొలమానం ఊరు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగి నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను ఇస్తామన్నారు. అక్కడ కొలమానం ఇల్లు. ఈ రెండింటి మధ్య 2016 సెప్టెంబరులో జియో వచ్చి చవక నెట్టును నేరుగా చేతిలో పెట్టింది. కొలమానం మనిషి అయిపోయాడు. గాజు తీగ మా పల్లె గుట్ట దాటి మా వీధికి రాలేదు. ఊరి కేంద్రం నాటి మాట పాతబడింది. మనిషికి మాత్రం నెట్టుంది. ఊరుకూ మనిషికీ నడుమ ఇల్లనేది ఒకటుంటుందన్న సంగతి ఎవరి లెక్కలోనూ మిగలలేదు.

ఇల్లు లెక్కలో లేకపోతే ఏమి నష్టం? ఈ మాట మనం, అంటే కంప్యూటరు ముందు కూర్చుని తెలుగు వ్రాయడం నేర్చుకున్న తరం, బాగా ఎరుగుదుము. 2000ల నడుమ మనలో ఎంతమంది మొదటి వాక్యాలు ఏ దారిన జాలానికి ఎక్కాయో గుర్తు చేసుకోండి. కొందరికి టెలిఫోను తీగ మీద 56 కేబీల మోడెము. తీగ లేని వారికి మొబైలు ఫోనే మోడెము. డేటా కేబులుతో కంప్యూటరుకు తగిలించి, *99# అని డయలు చేసి, జీపీఆర్‌ఎస్ చుక్కచుక్కగా కారుతుంటే, లేఖినిలో టైపు చేసుకున్న నాలుగు పేరాలను పైకెక్కించడానికి ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్న రాత్రులు నాకున్నాయి. అప్పుడు ఎవడూ దాన్ని దొంగతనమనలేదు. ఫోను కంప్యూటరుకు నెట్టు తెచ్చిపెట్టే సాధనమన్నది అందరూ ఒప్పుకున్న మాట. ఇరవై ఏళ్ళ కింద మనం ఉచితంగా అనుభవించిన మర్యాదను ఈనాటి పల్లె పిల్లలు హక్కుగా అడగవలసి వస్తున్నది.

ఫోను చదివించడానికి మంచిది, చూపించడానికి మరీ మంచిది. ఫోనులో వ్రాసేవారు లేరనను, ఉన్నారు, వారి బొటనవ్రేళ్ళకు నమస్కారం. కానీ పది పేజీల వ్యాసం, ఒక పాఠ్యక్రమపు ప్రాజెక్టు, ఒక ప్రవేశ దరఖాస్తు, ఒక పాత పుస్తకపు పుటలను టైపు చేసే పని వంటివి మీటల పలక మీద రెండు చేతులతో జరిగేవి. 2020లో బడులు మూతపడినప్పుడు అరచేతి తెర మీద గణితం నేర్చుకున్న పిల్లలను అడగండి, చెబుతారు. చేతిలో ఫోను పెట్టి, దానిని పెద్ద తెరకు తగిలించడానికి వీల్లేదంటే, నువ్వు చూడు గాని చేయకు అని చెప్పినట్టే. పల్లెవాణ్ణి శాశ్వతంగా ప్రేక్షకుణ్ణి చేసి కూర్చోబెట్టే నియమం అది. నా కోపమంతా అక్కడ.

"అంత కావాలంటే ఇంటికి వేరే కనెక్షను తీసుకోవచ్చుగా" అనే నగరవాసులకు ఒక్క మాట. తీసుకోవచ్చు, ఉంటే. మీ వీధిలో నాలుగు కంపెనీలు పోటీపడి తీగలు లాగుతాయి. మా వీధికి గాలి తప్ప మరేమీ రాదు. గాలిలో వచ్చినదాన్నే ఇంటికి కట్టుకోవాలి. ప్రభుత్వానికీ ఇది తెలియనిది కాదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి అనే పథకానికి ఆమోదం తెలిపింది. చిల్లరకొట్టువాడు కూడా లైసెన్సు లేకుండా, రుసుము కట్టకుండా వైఫై పంచి అమ్ముకోవచ్చునన్నారు. పంచుకోవడం దేశానికి మేలని అక్కడ ఒప్పుకున్నాక, అమ్మ తన ఇంట్లోనే తన మనవరాలికి పంచితే తప్పెలా అవుతుంది?

మాకు చిన్నప్పుడు రేడియో ఉండేది. దానికి ఏటా తపాలా కార్యాలయంలో రుసుము కట్టి పుస్తకం మీద బిళ్ళ అంటించుకోవాలి. పుస్తకం నాన్న పేరు మీద ఉండేది. సాయంత్రం వార్తల వేళకు మా తిన్నె మీద పదిహేనుమంది చేరేవారు. బిళ్ళ ఒక్కటి కదా, పదిహేనుమంది ఎందుకు వింటున్నారని తపాలా బంట్రోతు ఒక్కనాడూ అడగలేదు. అడగాలని అతనికి తోచి కూడా ఉండదు. ఎందుకంటే ఆ తిన్నె చివర కూర్చుని వార్తలు వినేవారిలో అతనూ ఒకడు.

కనుక నా కోరికలు మూడే. కొలిచి అమ్మిన నెట్టును ఏ పరికరం మీద వాడుకోవాలో కొన్నవాడికి వదిలేయండి. కొలవకుండా అమ్ముతున్నామంటే హద్దు ఎక్కడుందో పెద్ద అక్షరాలలో చెప్పండి. తీగ రాని ఊళ్ళలో ఫోనును ఇంటి కనెక్షనుగా వాడుకోవడాన్ని తప్పుగా కాక, దిక్కుగా గుర్తించండి. మిత్రుడికి ఇవన్నీ చెప్పాను. మొదటిదానికి తల ఊపాడు, రెండవదానికి నవ్వాడు, మూడవదానికి "నిబంధన నిబంధనే" అన్నాడు. మా వాదం ఇంకా నడుస్తూనే ఉంది. మీలో ఎవరికైనా అతని పక్షాన నిలవాలనిపిస్తే నిలవండి, కానీ మీ ఇంట నెట్టు ఏ తీగ మీద వస్తున్నదో ముందుగా చెప్పి మొదలుపెట్టండి.

నిన్న రాత్రి అమ్మ మళ్ళీ ఫోను చేసింది. సాయంత్రం గాలివానకు రెండు గంటలు కరెంటు పోయిందట. వచ్చాక నెట్టు దానంతటదే వచ్చిందా అని అడిగాను. "వచ్చిందిరా. ఇప్పుడు నువ్వు యాడుంటే ఏమి, అది ఈడ్నే ఉండాది" అన్నది. వెనక మేనకోడలు మీటలు కొడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.